మగ్గం కర్ర మీద బురద చార

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు, మా చెల్లెలు దాన్ని దొంగతనంగా చదువుతుందని తెలుసు గనుక. రోడ్ల ఆఫీసులో టైపిస్టుగా ఉన్న రోజుల్లో, మా ఇంజనీరు చెప్పని వాక్యం ఒకటి ఆయన రిపోర్టులో నేను టైపు చేశాను.

అవి డెబ్బైల చివరి రోజులు. అనంతపురంలో మా ఆఫీసుకు వచ్చే అర్జీలన్నీ కంకర కొట్టే కరువు పని పెట్టించమనే. అలాంటి చోటికి, ధర్మవరం దారిలోని ఒక పల్లె నుంచి పట్టు చీరలు నేసే ఒకావిడ అర్జీ పంపింది. రోడ్డు ఎత్తు పెంచినప్పటి నుంచి, వాన పడితే మిట్ట మీది నీళ్లకు దారిలేక తన ఇంట్లోకి వస్తున్నాయట. ఆమెది గుంట మగ్గం, గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేసేది. గుంత నిండి, నీళ్లు పైకి పొంగి, మగ్గానికి ఎక్కించిన పట్టు పడుగు దారమంతా తడిసిపోయింది. ఇంకొకసారి తడిస్తే షావుకారు పట్టు ఇవ్వనన్నాడు. నీళ్లు అవతలికి పోయేందుకు రోడ్డు కింద ఒక మోరీ వేయించాలని ఆమె కోరిక.

మా ఇంజనీరు రెండుసార్లు చదివించుకుని నవ్వాడు. ఈ జిల్లాలో నీళ్లు ఎక్కువయ్యాయని వచ్చిన కాగితాన్ని ఫ్రేము కట్టించాలన్నాడు. ఏ ఫైల్లో పెట్టాలో తెలియక హెడ్ క్లర్కు దాన్ని నెలల తరబడి సొరుగులోనే ఉంచాడు.

విచారణకు బయల్దేరేసరికి ఎండాకాలం వచ్చింది. అర్జీ పెట్టింది ఆడమనిషి గనుక వాంగ్మూలం రాసుకోవడానికి నన్నూ జీపు ఎక్కించారు. ఇంజనీరు గొడుగు కింద నిలబడి, నీళ్లు ఎక్కడ నిలుస్తాయో చూపించమన్నాడు.

"వానొచ్చినపుడు రాండి సార్, సూపిస్తా," అందామె.

"వానలో ఈ రోడ్డు మీద జీపు రాదమ్మా," అన్నాడు, ఆ రోడ్డు వేయించినాయన.

తర్వాత ఆయనకే ఒక ఉపాయం తట్టింది. పల్లెలకు తాగే నీళ్లు తోలే కరువు ట్యాంకరును మిట్ట మీదికి రప్పించి, నీళ్లు వదిలి, ఎటు పారుతాయో శాస్త్రీయంగా చూస్తానన్నాడు. ట్యాంకరు వచ్చింది. దాని వెనకే ఊరు ఊరంతా బిందెలతో వచ్చింది. కొళాయి తిప్పితే ఒక్క చుక్క నేల మీద పడనిస్తే కదా. అర్జీ పెట్టినావిడ కూడా రెండు బిందెలు పట్టుకుంది. ఇంజనీరు గుడ్లురిమి చూస్తే, మరి సాయంత్రం ఏం తాగాలని అడిగింది. ఆయన నాకు ఇంగ్లీషులో చెప్పి రాయించాడు: ప్రయోగము చేయడమైనది, నీరు రోడ్డు వరకు రాలేదు, నిలవలేదు.

వాంగ్మూలం కోసం ఆమెతో ఇంట్లోకి వెళ్లాను. గుంతలో ఇంకా ఎండిన బురద పెచ్చులున్నాయి. మగ్గం కర్రల మీద, నేలకు జానెడు ఎత్తున, గీత గీసినట్టు బురద చార ఉంది. ఇంతవరకు వచ్చాయని వేలితో చూపించి, సారుకు చెప్పమంది.

బయటికి వచ్చాను. ఇంజనీరు జీపులో మజ్జిగ తాగుతున్నాడు. చెబుదామని నోరు తెరిచాను. ఆయన నావైపు చూశాడు. ఎండ ఎక్కువగా ఉంది సార్ అన్నాను.

మర్నాడు రిపోర్టు టైపు చేస్తుంటే సంతకానికి పైన రెండు వరుసల ఖాళీ మిగిలింది. మగ్గం కర్రల మీద జానెడు ఎత్తున నీటి చార ఉన్నది, కావున మోరీ అవసరమని అదే ఆఫీసు ఇంగ్లీషులో టైపు కొట్టాను. మూడు కార్బన్ కాపీలు కూడా. ఉద్యోగం పోతుందేమోనని రాత్రి అన్నం సహించలేదు. కానీ మా ఇంజనీరు చదవకుండా సంతకం పెట్టే మనిషి. పై ఆఫీసువాళ్లు చివరి వాక్యం మాత్రమే చదివే మనుషులు. నీళ్లు నిలవలేదు, కావున మోరీ అవసరమనే ఆ రిపోర్టు మీద ఎవరూ ఏమీ అడగలేదు. మంజూరు కాగితాన్ని మా ఇంజనీరు కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, ట్యాంకరు ప్రయోగం ఫలించిందని అందరికీ చెప్పుకున్నాడు.

వానలకు ముందే మోరీ పడింది. ఆ ఏడు గట్టి వానలే కురిశాయి. ఒకరోజు ఆమె అరటిపండ్లు, తమలపాకులు పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. గుంతలోకి చుక్క రాలేదని, కొత్త పడుగు ఎక్కించానని ఇంజనీరుకు దండం పెట్టింది. నీళ్లు పల్లానికి ఎందుకు పారతాయో ఆయన చాలాసేపు వివరించాడు. ఆమె పోతూ పోతూ నా బల్ల దగ్గర ఆగింది. నేను లేచి నిలబడ్డాను.

"దేవుని మాదిరి మనిషి మీ సారు. నువ్వూ ఉండావు, ఆ పొద్దు చారంతా కండ్లారా చూసి గూడా, ఒక్క మాటన్నా చెప్తివా పాపా?"