జారిన తీగ

ఇన్నేళ్లుగా ఒక్క అబద్ధాన్ని మింగలేక, కక్కలేక బతుకుతున్నాను. నా పేరు అడక్కండి. మీరెవరో నాకు తెలియదు కాబట్టే ఇది మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో మలేసియాలో, క్లాంగ్ పట్నంలో ఒక బారులో గిటార్ వాయించేవాణ్ణి. గోడల నిండా కౌబాయ్ టోపీలు, అమెరికా పల్లెల విరహం పాటలు, బీరు. పియానో దగ్గర అప్పన్న మావ. మాది సుంగై సుమున్, తెలుగు కూలీల తోట ఊరు; ఆయనదీ అదే. తోటలోని భజన మందిరంలో హార్మోనియం నేర్చుకున్న వేళ్లతోనే ఆ పాటలు దంచేవాడు. నన్ను ఆ బారులో పెట్టించిందీ ఆయనే. నాకు పియానో కూడా వచ్చు. ఆయన కుర్చీ మీదే నా కన్ను పడింది. ఛీ, చెప్పుకోవడానికే సిగ్గేస్తోంది.

అలాంటి బారులో పియానో కాస్త శ్రుతి తప్పి గలగలమంటేనే జనానికి హుషారు. అందుకే లోపల తీగల్ని కొట్టే చిన్న సుత్తులకు డ్రాయింగ్ పిన్నులు గుచ్చి ఉంచేవాళ్లం. ఆ గలగలలో నిజంగా ఏదైనా పాడైతే గాయకులకు తెలియదు, ఓనరుకు తెలియదు. తెలిస్తే మావకు తెలియాలి, లేకపోతే నాకు. వయసు మీద పడి చెవులు పోతాయేమోనని ఆయనకు అప్పటికే బెంగ. ఆ సంగతి నాకు తెలుసు.

ఒక మధ్యాహ్నం ప్రాక్టీసులో మావ ఆగిపోయి, నడిమి మెట్టొకటి మళ్లీ మళ్లీ నొక్కాడు.

“ఇది తేడాగా ఇనబడతంది. నీకేటి ఇనబడతందిరా?”

నాకూ తేడాగానే వినబడింది.

“బాగానే ఉంది మావా.”

“నిజంగానా?”

“ఓకే లా మావా. నాకేటీ తేడా నేదు.”

ఆయన నన్ను అనుమానించలేదు. తన చెవినే అనుమానించాడు. పియానో మూత వేసి కాసేపు దానిమీద చెయ్యి ఉంచాడు. ఆ వారమే బారులో వాయించడం మానేశాడు. తర్వాత శ్రుతి చేసే మనిషి వచ్చి, ఒక తీగ జారిందని చెప్పి బిగించి వెళ్లాడు. నేను పక్కనే నిలబడి తలూపాను. అప్పుడైనా ఒక్క ఫోను చేసి ఉండొచ్చు కదా? చేస్తే ఆయన తిరిగి వచ్చేస్తాడని భయమా, నా అసలు బుద్ధి ఆయనకు తెలిసిపోతుందని భయమా అని ఎన్నోసార్లు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను, ప్రతిసారీ నాకు తేలికైన జవాబే చెప్పుకున్నాను. కుర్చీ నాదైంది. హాయిగా వాయించాను కూడా.

మొన్న సుంగై సుమున్ వెళ్లినప్పుడు వాళ్లింటికి వెళ్లాను. మందిరంలో భజనకు హార్మోనియం పట్టమని ఊరంతా అడుగుతున్నా ఆయన ఒప్పుకోవడం లేదని కూతురు బాధపడింది. శ్రుతి తప్పి దేవుడి ముందు నవ్వులపాలవుతానంటాడట. మావ నన్ను చూసి సంబరపడి, ఇంకా వాయిస్తున్నావా అని అడిగాడు. వాయిస్తున్నానన్నాను. చెప్పాలనే వెళ్లాను. భోంచేసి వచ్చేశాను.

ఆయనకు చెప్పలేనిది మీకు చెబుతున్నాను. ఆ రోజు తప్పింది తీగ. మావ చెవి కాదు.