డాక్టరు గారి రేసు కారుకు గని బ్రేకుతాడు

అది 1966. నేను మందమర్రిలో బొగ్గు లారీలు బాగుచేసే వర్క్‌షాపులో ఫిట్టర్‌ని. ఒక పొద్దున మా గని ఆసుపత్రి డాక్టరు గారి ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు వచ్చింది. వచ్చిందంటే, ఎడ్లబండికి కట్టి లాక్కొచ్చారు.

రెండే సీట్లు, పైన కప్పు లేదు. దేశం విడిచిపోతూ ఒక దొర అమ్మిన బండి అది. డాక్టరు గారు కొన్న కొత్తలో దాని చప్పుడుకే కాలనీ అంతా వాకిట్లోకి వచ్చేది. తర్వాత పెద్ద కార్లొచ్చాయి, ఇది నవ్వులపాలైంది. "డాక్టరు సాబు తొట్టి" అని పేరు కూడా పెట్టారు. పట్నంలో రేసులాడేవాళ్లు సైతం ఇట్లాంటివి తుక్కు కింద వదిలించుకున్నారు. అంతలో గాలి మళ్లింది. హైదరాబాదు దగ్గర విమానాల మైదానంలో పాతకార్లకు విడిగా పందెం పెడుతున్నారట. కొత్తవాటితో మొహం మొత్తిందో ఏమో, తుక్కన్న నోళ్లే ఇప్పుడు ఇలాంటి బండి ఎక్కడుందని అడుగుతున్నాయి.

"గీ ఒక్కసారి ఉరికిస్త" అన్నారు డాక్టరు గారు. "మోకాళ్లు మొరాయిస్తున్నయి. వచ్చే ఏడు క్లచ్చి తొక్కుతనో లేదో!"

తెగింది బ్రేకు కేబుల్. ఆనాటి కార్లకు పెడలు నుంచి చక్రం దాకా ఉక్కుతాడే బ్రేకును గుంజేది. బ్రేకు పరీక్షలో నెగ్గనిదే పందెంలోకి రానివ్వరు. ఆ కేబుల్ తయారీయే ఆగిపోయిందని మద్రాసు, బొంబాయి దుకాణాలు చేతులెత్తేశాయి. అప్పుడు ఓదెలన్న గుర్తొచ్చాడు. గనిలో బొగ్గు తొట్లను లాగే తాళ్లకు స్ప్లైసింగ్ చేసేది ఆయనే. అంటే పేటలు విప్పి, ఒకదానిలో ఒకటి దూర్చి, ముడి లేకుండా అల్లడం. సన్నని ఉక్కుతాడు తీసుకొని రెండు కొసలకూ కొక్కెం పట్టే కన్నులు అల్లాడు. నేను బిగించాను.

లక్సెట్టిపేట దారిలో ఒక వాలు దగ్గర ట్రయల్. డాక్టరు గారు పైనుంచి కారు దింపబోతుంటే ఓదెలన్న కింద రోడ్డు నడుమ నిలబడ్డాడు. మా గనిలో అదొక రివాజు: కొత్తగా అల్లిన తాడుతో మొదటి తొట్టి దిగేటప్పుడు అల్లినవాడే కింద నిలబడాలి.

"పక్కకు జరుగు ఓదెలూ! ఏమన్నయితే నీ ఇంటోళ్లకు నేనేం చెప్పాలె?" అని డాక్టరు గారు అరిచారు.

"నేను ముంగట నిలవడని తాడు మీదికి మిమ్ములను పంపుతనా సార్? ఫికర్ చెయ్యకుండ్రి, రాండ్రి!"

ఎంత బతిమాలినా కదల్లేదు. కారు కదిలింది. సగం వాలులో డాక్టరు గారు పెడలు తొక్కారు. తాడు కిర్రుమంది. కారు ఓదెలన్నకు బారెడు దూరంలో ఆగింది. డాక్టరు గారు దిగి ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు.

"నన్నెందుకు పట్టుకున్నరు సార్? స్టీరింగ్ పట్టుకోండ్రి" అన్నాడు ఓదెలన్న.

హైదరాబాదులో డాక్టరు గారు బ్రేకు పరీక్షలో నెగ్గారు. పందెంలో వెనక నుంచి రెండోవారుగా వచ్చారు. అయినా బండి చుట్టూ మూగిన జనాన్ని గురించి బతికినన్నాళ్లూ చెప్పారు.

ఎదురుగా నిలబడేంత గుండె నాకు లేదు. కానీ ఆ తర్వాత నేను బ్రేకు బాగుచేసిన ఏ లారీనీ డ్రైవరుకు నేరుగా ఇవ్వలేదు. మొదటి వాలు నేనే దింపేవాణ్ణి. ఓదెలన్నా, ఎందరు డ్రైవర్లు ఇల్లు చేరారో, అదంతా నీ పుణ్యమే.