హెవీ లైసెన్సు

తొంభైల్లో, మరోదా నుంచి దుర్గ్ వెళ్లే మినీబస్సులో నా పక్కన కూర్చున్నాయన హెవీ లైసెన్సు పరీక్షకు మూడోసారి వెళ్తున్నాడు.

“నేనైతే ఒంటిచేత్తో లారీ రివర్స్ చేసి మొదటిసారే పాసయ్యాను,” అన్నాను.

“ఏ అద్దం చూసి తిప్పారేటి బాబూ?” అని ఆశగా అడిగాడు.

ఆ ఆశ చూసి ఇక బొంకలేకపోయాను. అసలు పరీక్షకే వెళ్లలేదని, నలుగురిలో గొప్పకోసం ఏజెంటు చేత తెప్పించుకున్నానని చెప్పేశాను.

అతను భగ్గుమన్నాడు. “ఏడాది లైట్ లైసెన్సు మీద జీపు తోలాను. డ్రైవింగు స్కూల్లో నేర్చుకుని సర్టిఫికెట్టు తెచ్చాను. ఏజెంటు లేడనేనేటి నన్ను రెండుసార్లు ఫెయిల్ చేసింది? లారీ తోలని మీకెందుకు సాబ్ లైసెన్సు!”

సీటు వదిలేసి దుర్గ్ దాకా నిలబడ్డాడు.

ఆ లైసెన్సును ఆరోజే శివనాథ్ నదిలో విసిరేశానని అందరికీ చెబుతుంటాను. అబద్ధం. గడువు తీరేదాకా నా జేబులోనే ఉంది.