అద్దె కట్టిన ఆపా, ఆశ్రయమిచ్చిన పెద్దమనిషి

దోహాలో నేను చూసిన అల్పుల్లో మా విల్లా పెద్దమనిషిని మించినవాడు లేడు. నాలుగేళ్లు అతనికి అద్దె కట్టి బతికాను కాబట్టి ఈ మాట ధైర్యంగా అనగలను.

అల్ దోహా అల్ జదీదాలో ఒక పాత విల్లాను అతను తన కుటుంబం కోసమని చెప్పి తీసుకున్నాడు. కుటుంబం జగిత్యాలలోనే ఉంది. హాలునూ భోజనాల గదినీ, చివరికి మెట్ల కింది చోటునూ జిప్సం బోర్డులతో ముక్కలు చేసి మాలాంటివాళ్లకు గదికింతని ఇచ్చాడు. అది ఇక్కడి చట్టం ఒప్పుకోని పని. ఆ సంగతి అతనికీ తెలుసు, మాకూ తెలుసు. మా జిల్లావాళ్ల సంఘానికి అతనే అధ్యక్షుడు. ఊరికి ఫోన్ చేసినప్పుడల్లా "దుబాయ్‌ల మనోళ్లకు నేనే దిక్కు" అని గట్టిగా చెప్పుకునేవాడు. ఉన్నది ఖతర్‌లో.

నా పక్క గదిలో నిజామాబాద్ నుంచి వచ్చిన ఒక ముస్లిం స్త్రీ ఉండేది. యాభై దాటిన మనిషి, భర్త పోయాడు, ఒక స్కూలు వంటగదిలో పని చేసేది. మేమంతా ఆపా, అంటే అక్కా, అని పిలిచేవాళ్లం. ఆ స్కూల్లోనే బస్సు నడిపే సూడాన్ అతనొకడు ఆమెకు పరిచయం. అతని దేశంలో యుద్ధం వచ్చాక, ఖార్టూమ్‌లో టీచరుగా ఉన్న చెల్లెలు ఇద్దరు ఆడపిల్లలతో ఎలాగో బయటపడి విజిట్ వీసా మీద ఇక్కడికి చేరింది. అన్న ఉండేది మగవాళ్ల క్యాంపు. అక్కడ ఆడవాళ్లను పెట్టుకోనివ్వరు. ఆపా ఎవరినీ అడగకుండా ముగ్గురినీ తన గదికి తీసుకొచ్చింది. మంచం వాళ్లకిచ్చి, తను తలుపు దగ్గర మిగిలిన జానెడు చోట్లో చాప వేసుకుంది. టీచరు దగ్గర ఒక్క రియాల్ తీసుకోలేదు.

మూడో రోజే పెద్దమనిషి వచ్చాడు. "గదికి ఒక్కలే అని మాట్లాడుకున్నం ఆపా. తలకింత ఎక్కువ కట్టాలె."

"కడత భాయ్," అంది ఆపా. అంతే. కట్టింది కూడా.

రెండు నెలల తర్వాత అతని ఫోన్‌కు ఒక వీడియో వచ్చింది. శరణార్థులను ఉచితంగా ఇంట్లో పెట్టుకున్నవాళ్లకు ప్రభుత్వం నెలనెలా సొమ్ము ఇస్తుందని అందులో ఎవరో చెబుతున్నారు. ఏ ప్రభుత్వమో అతను వినిపించుకోలేదు. ఆ సాయంత్రమే పిల్లలకు అరటిపళ్లు తెచ్చాడు. అతను ఒకరికి ఒక వస్తువు ఇవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. తర్వాత నా గదికి వచ్చాడు. నేను ఒక కంపెనీలో కాగితాలు చూసే ఉద్యోగిని.

"తమ్మీ, నీకు ఇంగ్లీష్ మంచిగొస్తది. ఈళ్లను నేను పైస తీస్కోకుండ ఉంచుకున్ననని ఒక లెటర్ రాయి."

"అద్దె తీస్కుంటున్నవ్ గదనే అన్నా?"

"ఆపా దగ్గర తీస్కుంటున్న. ఈళ్ల దగ్గర తీస్కుంటున్ననా?"

ఆ తర్కానికి నేను తల ఊపాను. ఊపడమే కాదు, రాశాను. "మానవత్వంతో నా ఇంటి తలుపులు తెరిచాను" అనే వాక్యం అతను అడగలేదు, నేనే చేర్చాను. మంచి ఇంగ్లీషు రాయగలనని చూపించుకోవాలనే కక్కుర్తి. అతన్ని అల్పుడంటున్నప్పుడు ఇదీ చెప్పకపోతే న్యాయం కాదు. పిల్లల తలల మీద చేతులు పెట్టి అతను ఫొటో దిగాడు. వెనక నిలబడ్డ ఆపాను "జర పక్కకు జరుగు, అడ్డమొస్తున్నవ్" అన్నాడు. ఆమె జరిగింది. ఉత్తరాన్నీ ఫొటోనూ నేనే ఒక సేవాసంస్థకు పంపాను.

పది రోజులకు ఆ సంస్థ నుంచి ఒకావిడ వచ్చింది. నల్ల అబాయా, చేతిలో పిల్లల బట్టల సంచులు. పెద్దమనిషి ఇస్త్రీ చొక్కాతో ఎదురెళ్లి ఏలకుల చాయ్ ఇచ్చాడు. ఆమె ముందుగా టీచరుతో అరబీలో మాట్లాడింది. మీరు ఎవరి దగ్గర ఉంటున్నారని అడిగి ఉండాలి, టీచరు ఆపా వైపు చెయ్యి చూపించింది. ఆవిడ లేచి వెళ్లి ఆపా గది చూసింది, చాప చూసింది. తిరిగొచ్చి పెద్దమనిషిని ఇంగ్లీషులో అద్దె ఒప్పందం చూపించమంది. అది తన స్పాన్సరు, కఫీల్, దగ్గరుందన్నాడు. ఆమె అది రాసుకుంటుంటే, "సొమ్ము సంగతి అడుగు తమ్మీ" అని నన్ను పొడిచాడు.

అడిగాను. ఆవిడకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, అలాంటి పద్ధతి యూరప్‌లో ఏదో దేశంలో ఉందనీ, ఇక్కడ లేదనీ నెమ్మదిగా చెప్పింది. వెళ్లేటప్పుడు గోడ మీద వేలితో ఒకసారి తట్టింది. జిప్సం బోర్డు డొల్లగా మోగింది.

ఆ చప్పుడుకే మా అధ్యక్షుడి ముఖంలో నెత్తురు లేదు. గేటు మూసుకోగానే వచ్చి, "బలదియా మున్సిపాలిటోళ్లు చెకింగ్‌కు వస్తే నా మెడకు చుట్టుకుంటది. రేపు పొద్దుగాల ఈళ్లు పోవాలె" అన్నాడు.

ఆపా అప్పుడు గోధుమపిండి కలుపుతోంది. "నీ మెహమాన్లని నువ్వే రాసిచ్చినవ్ గద భాయ్. నీ మెహమాన్లను నువ్వే ఎల్లగొడతవా?"

"నేనెక్కడ రాసిన? ఈ తమ్ముడు రాసిండు," అని నన్ను చూపించాడు.

ఆపా, టీచరు, అతను, ముగ్గురూ నా వైపు చూశారు. నేను చేతిలోని ఫోన్ చూసుకున్నాను. ఆపా పిండి మీద తడిబట్ట కప్పి, "రేపటిదాంక ఎందుకు, నేను గూడ పోత" అంది. వెంటనే సామాను సర్దడం మొదలుపెట్టింది.

దోహాలోనే నజ్మా అనే పేటలో ఒక హోటల్ పైన గది దొరికింది. పికప్‌లో పెట్టెలు ఎక్కించడానికి నేను సాయం వెళ్లాను. సాయం చేస్తే మచ్చ పోతుందనుకున్నానేమో. దారిలో టీచరు ఇంగ్లీషులో, చాలా మర్యాదగా, "ఆ సంస్థ ఆవిడ చూపిస్తే మీ ఉత్తరం చదివాను. మీరు బాగా రాస్తారు" అంది. ఆ మెప్పు తర్వాత నజ్మా దాకా నేను కిటికీలోంచే చూశాను.

ఆ చలికాలం సంఘం వార్షికోత్సవంలో పెద్దమనిషికి శాలువా కప్పారు. నిరాశ్రయులకు నీడనిచ్చిన మహానుభావుడని మైకులో చదివారు. మూడో వరుసలో కూర్చున్నవాళ్లలో నేనూ ఉన్నాను. అందరూ చప్పట్లు కొడుతుంటే నా చేతులు కూడా కలిశాయి. మరుసటి నెల గది ఖాళీ చేశాను. మా చావు కబురూ పెళ్లి కబురూ మోసే సంఘంలో మాత్రం ఇప్పటికీ అతనే అధ్యక్షుడు. ఎదురుపడితే అటు తిరిగి నడుస్తాను. అంతకంటే పెద్ద తిరుగుబాటు నాకు చేతకాలేదు.

టీచరు కథ మెల్లగా గాడిన పడింది. అన్నకు ఉత్తరాన సముద్రపు ఒడ్డునున్న అల్ రువైస్‌కు డ్యూటీ మారింది, అక్కడ కుటుంబంతో ఉండే ఇల్లు దొరికింది. వీసా మారాక ఆమె ఒక చిన్న నర్సరీలో చేరింది, పిల్లలు బడికి పోతున్నారు. సెలవు దొరికిన శుక్రవారమల్లా ఆపా వాళ్లింటికి పోతుంది. ఒకసారి నన్నూ రమ్మంది. సముద్రం నుంచి అప్పుడే వచ్చిన చేపలు కొనుక్కుని వెళ్లాం. ఆపా వండింది, అన్న నేల మీద గుడ్డ పరిచాడు. పిల్లలిద్దరూ ఎవరు ఆపా పక్కన కూర్చోవాలని కొట్లాడుకున్నారు. రెండు ముద్దలు తిన్నాక పెద్దమనిషి శాలువా సంగతి ఎత్తాను.

ఆపా నా పళ్లెంలో ఇంకో చేప ముక్క వేసింది. "ముళ్లు చూస్కొని తిను," అంది. "అన్నం ముంగట వాని ముచ్చటెందుకు?"

తల వంచుకుని ముళ్లు ఏరుకున్నాను.