వెచ్చటి దొంతర మీద కునుకు

లాండ్రీలో అందరికీ ఆయన గంజి బావే. ముప్పై ఏళ్లుగా గంజి కాచి, వడగట్టి, బట్టలు ముంచి ఆరేయడమే ఆయన పని. ఆయన గంజి పెట్టిన చొక్కా, లోపల మనిషి లేకపోయినా కుర్చీలో నిటారుగా కూర్చోగలదు. ఇన్నేళ్ల చాకిరీకి ఆయనకు దక్కిన సుఖమల్లా ఒకటే: మధ్యాహ్నం భోంచేశాక, అప్పుడే ఇస్త్రీ అయి ఇంకా వెచ్చగా ఉన్న దొంతర మీద చెంప ఆన్చి అరగంట కునుకు తీయడం.

ఆ కునుక్కే ఎసరొచ్చింది. క్లబ్బువాళ్లు తెల్లటి టేబుల్ గుడ్డ ఒకటి తిప్పి పంపారు. దాని నడిమధ్య అరచేతంత పసుప్పచ్చ మరక. ఓనరు, అంటే బావగారి భార్యకు తమ్ముడు, గుడ్డ వాసన చూసి అది ఎంగిలేనని తేల్చేశాడు. రేపట్నుంచి మధ్యాహ్నాలు గుడ్డల గదికి తాళమన్నాడు. అది టీ మరకని బావ వాదించాడు. తాను నోరు మూసుకునే నిద్రపోతానని, కావాలంటే మీ అక్కనే అడగమని అన్నాడు. అడిగారు. ఆవిడ నవ్వి ఊరుకుంది.

కాలేజీలో కెమిస్ట్రీ చదివే ఓనరు కూతురు తగువు తీరుస్తానంది. దెబ్బలకు రాసే అయోడిన్‌ను నీళ్లలో కలిపి తెచ్చింది.

"గంజి ఉన్నచోట నీలం వస్తుంది మావయ్యా. ఉమ్ము గంజిని తినేస్తుంది, అక్కడ రాదు. టీ అయితే మరక మీద కూడా నీలమే."

"కానీ తల్లీ," అన్నాడు బావ ధీమాగా.

గుడ్డంతా ముదురు నీలమైంది. మధ్యలో మాత్రం తెల్లగా ఒక చెంప, దాని పక్కన దువ్వెన పళ్లలా బావ మీసం.

ఓనరు తాళం కోసం లేచాడు. బావకు ఆ ధ్యాసే లేదు. ఆయన కళ్లు నీలం మీదే ఉన్నాయి.

"ఎక్కడైనా చార కనబడుతోందా బామ్మర్దీ? గంజంటే అలా పట్టాలి. ఉండు, ఇంకోటి చూపిస్తా."

అంటూనే, ఓనరు తప్ప ఎవరూ ముట్టని కౌంటరు వెనక దొంతర పైనుంచి ఒక దుప్పటి లాక్కొచ్చి పరిచాడు. అమ్మాయి అయోడిన్ పూసింది. ఇదీ చారలేని నీలమే. కానీ మధ్యలో ఇంకో చెంప తెల్లగా తేలింది. మీసం లేదు, గడ్డాలు మాత్రం రెండు. లాండ్రీ మొత్తానికి రెండు గడ్డాల మనిషి ఒక్కడే.

ఓనరు చేత్తో గడ్డం కప్పుకున్నాడు.

"దీనికి నిమ్మరసం పిండితే నీలం పోతుందేమో చూడమ్మా," అన్నాడు ఓనరు, కూతురి వైపు చూడకుండా. తాళం మళ్లీ సొరుగులోకి వెళ్లింది.

మర్నాడు దొంతరల మీద వేసుకోవడానికి రెండు పాత తువ్వాళ్లు వచ్చాయి, ఒకటి గుడ్డల గదికి, ఒకటి కౌంటరు వెనక్కి. గంజి లేని మెత్తటి గుడ్డ మీద బావకు మాత్రం నిద్ర పట్టలేదు. సాయంత్రం ఎవరూ చూడకుండా తన తువ్వాలును గంజిలో ముంచి ఆరేశాడు.