తొంభై తొమ్మిది దగ్గర తుమ్ము

నా చిన్నప్పుడు నా కాలికి ఒక శక్తి ఉండేదట. నేను మా తాతయ్య కొట్లో అడుగుపెడితే చాలు, ఎక్కడో వందల మైళ్ల అవతల బ్యాటింగ్ చేస్తున్న మన ఓపెనర్ ఔటైపోయేవాడట. కోంటాలో మా వీధి మగవాళ్లంతా దీన్ని నమ్మారు. చదువుకున్నవాళ్లు కూడా!

బస్తర్ దక్షిణపు కొసన, శబరి ఒడ్డున ఉంటుంది మా ఊరు. తాతయ్య ఉప్పు, బట్టలు, మిరపకాయలు అమ్మేవాడు, అడవి నుంచి వచ్చే చింతపండు కొనేవాడు. వీధిలో మంచి ట్రాన్సిస్టర్ మా కొట్లోనే ఉండేది. కామెంటరీ కాసేపు హిందీ, కాసేపు ఇంగ్లీషు. తాతయ్య దాన్ని తెలుగులో చెబితే, చింతపండు తెచ్చిన దోర్లా ఆదివాసులు తమ భాషలో ఒకరికొకరు చెప్పుకునేవారు.

ఆ ఓపెనర్ అంటే తాతయ్యకూ నాకూ పిచ్చి. ఆయన మీద వచ్చిన ప్రతి వార్తనూ కత్తిరించి తాతయ్య ఒక నోటుబుక్కులో అంటించేవాడు. తొలి టెస్టు, సెంచరీలు, కెప్టెన్సీ, ఢిల్లీలో అందుకున్న బిరుదు. సున్నాకి ఔటైన వార్తలు కూడా.

రెండుసార్లు, నేను మంచినీళ్ల చెంబుతో వచ్చిన క్షణంలోనే ఆయన ఔటయ్యాడు. అంతే, పక్కింటి టైలర్ మామ తీర్పు చెప్పేశాడు: "గీ పోరి కాలు మంచిది కాదు." మ్యాచ్ ఉంటే నన్ను కొట్లోకి రానివ్వడం మానేశారు. బళ్లో నా పేరు 'ఔటు కాలు' అయింది. అన్నిటికన్నా ఘోరం, నేనూ నమ్మడం మొదలుపెట్టాను. ఇంట్లో పాలు విరిగినా భయంగా నా కాలివైపే చూసుకునేదాన్ని.

తాతయ్య ఊరుకోలేదు. నోటుబుక్కు తెరిచి, నేను పుట్టకముందు నాటి సున్నాలు చూపించాడు. "అప్పుడు దీని కాలు యాడున్నదిరా?" టైలర్ మామ తల ఊపాడే గానీ ఒప్పుకోలేదు. "పుస్తకంల ముచ్చట వేరే బాబాయ్. మేం కండ్లార చూసినం."

తర్వాత ఆ రోజు వచ్చింది. ఇంకొక్క సెంచరీ కొడితే, టెస్టుల్లో ప్రపంచంలో ఎవరికీ లేనన్ని సెంచరీలు మన మనిషివే! ఎవరూ రాకముందే తాతయ్య నన్ను మిరపకాయ బస్తాల వెనక కూర్చోబెట్టాడు. పిలిచేదాకా కదలొద్దన్నాడు.

"ఆయన ఔటైతే తాతయ్యా?"

"అయితే అయితడు. అప్పుడు గూడ నీ కాలు కాదనే చెప్తా."

కొట్టు నిండిపోయింది. యాభై దాటింది, డెబ్బై దాటింది. బస్తా సందులోంచి నాకు టైలర్ మామ మోకాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. తొంభై. మిరప ఘాటుకి కళ్లు మండుతున్నాయి, ముక్కు గట్టిగా పట్టుకున్నాను. తొంభై తొమ్మిది! బౌలర్ పరుగెత్తుకొస్తున్నాడు...

తుమ్మేశాను. ఒక్కటే తుమ్ము.

కొట్టంతా కొయ్యబారింది. "ఒంటి తుమ్ము! ఎవడురా?" అని ఎవరో కేక వేశారు. మా ఇళ్లలో ఒంటి తుమ్ము వినపడితే గడప దాటబోయేవాళ్లు వెనక్కి వచ్చి, కూర్చుని, మంచినీళ్లు తాగి గానీ బయల్దేరరు. కానీ మైదానంలో బౌలర్ ఆగుతాడా? కోంటాలో తుమ్మితే అతనికి వినపడుతుందా? రేడియో ఒక్కసారిగా హోరెత్తింది. బౌండరీ! సెంచరీ! ప్రపంచ రికార్డు!

అరుపులు, గంతులు. ఆ గోలలో తాతయ్య నన్ను పిలిచాడు. ఎర్రబడ్డ కళ్లతో, ఒళ్లంతా మిరప పొడితో బయటికొచ్చాను.

"పొద్దుగాల్నుంచి గీడనే ఉన్నదా!" టైలర్ మామ నోరు తెరిచాడు. మరుక్షణం నన్ను భుజానికెత్తుకున్నాడు. "అయితే గీ పోరి తుమ్ముల్నే ఉన్నది అదృష్టమంతా! వచ్చే మ్యాచుకు గూడ మిరపకాయల కాడ్నే కూసోబెట్టాలె."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆకాశంలో తేలిపోయాను. తాతయ్య ఒక్కడే నవ్వలేదు.

"నిన్న కాలు, ఇయ్యాల ముక్కు. మరి ఆ బ్యాటు ఏం జేసిందిరా? ఆయన చిన్నప్పట్నుంచి ఎండల నిలబడి వేల బంతులు ఆడింది గీ పిల్ల తుమ్ముతదనా?"

టైలర్ మామ నన్ను మెల్లగా కిందికి దించాడు. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో తాతయ్య మీద నాకు కోపం వచ్చింది. దరిద్రపు కాలు కాదని తేల్చినందుకు ఎంత సంతోషించానో, అదృష్టపు ముక్కును లాగేసుకున్నందుకు అంత ఉక్రోషపడ్డాను.

తర్వాత ఎన్నో వేదికలెక్కి మూఢనమ్మకాల మీద గొంతు చించుకుని వాదించాను. నిందను వదిలించుకోవడం కన్నా పొగడ్తను వదులుకోవడం కష్టమని మాత్రం ఆ మిరపకాయల కొట్లోనే తెలిసింది. "మీ చెయ్యి మంచిదమ్మా, మీరే మొదలుపెట్టండి" అని ఎవరైనా రిబ్బను ముందు కత్తెర అందిస్తే, ఆ పనికోసం ఒళ్లు వంచిన మనిషి ఎవరో అడిగి, కత్తెర వాళ్ల చేతిలో పెడతాను. బయల్దేరేటప్పుడు ఒంటి తుమ్ము వస్తే ముక్కు తుడుచుకుని గడప దాటేస్తాను, ముందు పడింది ఏ కాలో చూసుకోకుండా.