గంప అడుగున పండినవి

బుజ్జమ్మా, నీ పత్రికలో నన్ను రాయమంటున్నారే. నాకేం వచ్చు రాయడం? ఐదో తరగతి మధ్యలో బడి మానేసిన చెయ్యి ఇది. నువ్వుంటే వెనకాల నిలబడి ఒక్కో మాటా పైకి చదివి నవ్వేదానివి.

చదివేవాళ్ళందరికీ నమస్కారమండీ. మీరు ఎడిటర్ గారూ అని పిలిచిన మనిషికి నేను అమ్మని. మామిడి తోటలు పూత మీద ఉండగా మా అమ్మాయి పోయింది. చాన్నాళ్ళ నుంచీ జబ్బే, మీకెవరికీ చెప్పొద్దంది. విజయవాడ ఆస్పత్రిలో పోయింది. తీసుకొస్తుంటే హనుమాన్ జంక్షన్ దగ్గర లారీలు అడ్డంపడి మా బండి కదల్లేదు. డ్రైవరు అదే పనిగా హారన్ కొడుతున్నాడు. "కొట్టకు నాయనా, మాకేం తొందర లేదు" అన్నాను. ఇంటికి చేరితే ఇంక దింపాలిగా.

ఇప్పుడు కోతలు జరుగుతున్నాయి. నాకు ఒక చోట కాలు నిలవట్లేదు. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడుస్తున్నాను. తోటకి పోతాను, పోయిన పనేంటో గుర్తురాదు, తిరిగొస్తాను. ఫోను తెరుస్తాను, మూస్తాను. ఈ నాలుగు ముక్కలు రాయడానికి కూడా ఎన్నిసార్లు లేచానో. ఇందాకే పొయ్యి మీద వంకాయ కూర మాడింది. గిన్నె నానబెట్టి వచ్చాను.

దాని పోలికే నాకొచ్చిందో, నా పోలికే దానికొచ్చిందో. అది కూడా కూర్చుని చదవదు. మీరు పంపిన కథ ఫోన్లో పెట్టుకుని, జడలో పెన్ను గుచ్చుకుని, వసారాలో ఈ చివర నుంచి ఆ చివరికి తిరుగుతూ పైకి చదివేది. ఎక్కడ ఆగిందంటే అక్కడేదో బాగాలేదన్నమాట. వెనక్కెళ్ళి మళ్ళీ చదివేది. పొద్దున జంక్షన్‌లో బడికి పోయి పిల్లలకి తెలుగు చెప్పి, సాయంత్రం వచ్చి ఇదీ దాని పని. "జీతం లేని ఉద్యోగం ఎందుకే" అంటే, "నువ్వు నాకు వండి పెడుతున్నావుగా, నీకెవరిస్తున్నారు జీతం?" అనేది. దాని నోటికి ఎవరాగుతారు?

పత్రిక సంగతి మీకు తెలిసిందే. నెల ఒకటో తారీఖు తెల్లారేసరికి ఫోన్లో కథలూ కవితలూ అన్నీ ఒకే పొడవాటి పేజీలో వచ్చేవి. వేలితో కిందికి జరుపుకుంటూ పోవడమే. అన్నిటికన్నా పైన "భోంచేశారా?" అని ఒక మాట ఉండేది. అది రాసేటప్పుడల్లా నా వైపు చూసేది, నేను అందరినీ అడిగే మాట కాబట్టి. "చదవకపోయినా పర్లేదమ్మా, తినకుండా మాత్రం చదవకూడదు" అనేది.

అది పోయాక వచ్చిన ఒకటో తారీఖున మీరు పత్రిక తెరిచారు. పొడవాటి పేజీ లేదు. ఒక్క కథే ఉంది. కొన్ని రోజులాగి ఒక కవిత, ఇంకొన్ని రోజులకి ఇంకో కథ. అలా ఒక్కొక్కటీ వస్తున్నాయి. పైన ఉండే ఆ మాటా లేదు. మీకు కోపాలొచ్చాయి. రాశారు. అవన్నీ మైలవరం అమ్మాయి నాకు ఫోన్లో చదివి వినిపించింది. ఆ పిల్ల మా అమ్మాయితో కాలేజీలో చదివింది, మొదటి నుంచీ పత్రికకి కంప్యూటర్ పనంతా తనే. ఇప్పుడు నడిపేదీ తనే.

ఒకావిడ "ఇదేదో చీరలమ్మే యాప్‌లా ఉంది" అని రాశారు. అది విని నవ్వొచ్చింది, నిజం చెప్తున్నాను. కాకినాడ నుంచి ఒక పెద్దాయన, రిటైరైన మాస్టారంట, "ఒకటో తారీఖు పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఇప్పుడెప్పుడు కూర్చోవాలో తెలియడం లేదు" అన్నారు. ఇంకొకరు మాత్రం, "ఆవిడ పోయి నెల తిరక్కుండానే ఆవిడ పత్రికని మార్చేశారు. బతికుంటే చెయ్యనిచ్చేవారా?" అని రాశారు. దాని కింద అవునంటే అవునని చాలామంది.

ఆ మాటతో మైలవరం అమ్మాయి బస్సెక్కి వచ్చేసింది. గుమ్మంలో చెప్పులన్నా విప్పలేదు.

"అమ్మా, తనే మార్చమంది. ఆస్పత్రి మంచం మీద కూడా అది ఇలా పెట్టు, ఇది అలా పెట్టు అని చెప్పింది. నేను చెప్తే ఎవరు నమ్ముతారు? పోయినవాళ్ళ మీదకి నెట్టేస్తున్నానంటారు. మీరు ఊ అంటే పాత పద్ధతే పెట్టేస్తాను. కాదంటే ఆపేస్తాను. ఈ మాటలు పడటం నా వల్ల కావట్లేదు."

"ఆపేస్తానంటావేంటే? ముందు అన్నం తిన్నావా?"

"లేదమ్మా."

"అదీ సంగతి. రా."

తిన్నది. తింటూ ఏడ్చింది. మా ఆయన తోట నుంచి వచ్చి, సంగతి విని, "పాతదే పెట్టమనవే. కొత్తది ఎవరిక్కావాలి?" అన్నారు. ఆయనకి చదువు రాదు. ఒకటో తారీఖు రాత్రి కూతురు మంచం పక్కన తిరుగుతూ చదువుతుంటే వినడం ఆయనకి అలవాటు. పాతది వస్తే ఆ రాత్రి కూడా వస్తుందని ఆశ. నా ఆశ మాత్రం వేరేనా? నాకూ కొత్తది నచ్చలేదండీ. నా వేలు ఇప్పటికీ ఆ అద్దం మీద కిందికి జరుగుతూనే ఉంటుంది, ఏమీ లేకపోయినా.

ఎందుకు మార్చమందో ఆ పిల్లకి చెప్పలేదంట. "పని అయ్యాక చెప్తాలే" అందంట. ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు. పొద్దున లేచి మామిడిపళ్ళు తీద్దామని గంపలోని గడ్డిలో చెయ్యి పెట్టాను. అప్పుడు గుర్తొచ్చింది.

తోటల వైపు వాళ్ళకి తెలుసు, తెలియనివాళ్ళకి చెప్తాను. పచ్చికాయలు కోసుకొచ్చి గంపలో వరిగడ్డి పరిచి మాగేస్తాం. అన్నీ ఒకే రోజు పండవు. రోజూ పొద్దున్నే గడ్డిలో చెయ్యి దూర్చి, వాసన వచ్చిన కాయ ఏదో చూసుకుని దాన్నే తీయాలి. పై కాయలు చూసి ఊరుకుంటే అడుగువి చెడతాయి. అడుగున వేడెక్కువ, అవే ముందు పండుతాయి. మా అమ్మాయి చిన్నప్పుడు ఆగలేక, మేము తోటలో ఉండగా గంప మొత్తం బోర్లించి ప్రతి కాయా బొటనవేలితో నొక్కి చూసింది. నొక్కిన చోటల్లా నల్లబడింది. వాళ్ళ నాన్న ఆ చిన్నరసాలు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, "ఇదిగో దొరసాని గారు ముద్ర వేశారు" అంటూ తిన్నారు. కొట్టలేదు, తిట్టలేదు. అది మాత్రం సిగ్గుపడి పెరట్లోకి పారిపోయింది.

పోయిన ఏడు ఎండాకాలం. బడికి సెలవు పెట్టేసి ఇంట్లోనే ఉంది. వసారాలో తిరగలేక మంచం మీద కూర్చుంది. నేను గంపలో దేవులాడుతున్నాను. ఫోన్ మోగింది. చింతలపూడి వైపు నుంచి ఒకావిడంట, జన్మలో మొదటిసారి కథ రాసింది. మాట్లాడి పెట్టేసి, తల పట్టుకుంది.

"ఏమైందే?"

"ఆవిడ రోజూ అడుగుతోందమ్మా, నా కథ ఎవరైనా చదివారా, ఏమన్నా అన్నారా అని. ఏం చెప్పను? పైనున్న పేరున్నవాళ్ళవి నాలుగు చదివి అందరూ వెళ్ళిపోతున్నారు. ఆవిడది అట్టడుగున ఉంది. అక్కడిదాకా ఒక్కళ్ళూ రాలేదు."

"ఆవిడది పైన పెట్టరాదూ?"

"అప్పుడు ఇంకొకరిది కిందికి పోతుందిగా."

గంప అడుగు నుంచి ఒక పండు తీసి కడిగి ఇచ్చాను. పంటితోనే తొక్క లాగి తినడం దానికలవాటు. సగం తిని ఆగింది. నా చేతి వైపు చూస్తూ ఉంది.

"అమ్మా, రోజూ ఇలా ఒక్కొక్కటే తీస్తే విసుగురాదా నీకు?"

"విసుగెందుకు? చేతికొచ్చిందల్లా ఆ పూటకి అదే పండు. నువ్వు తింటున్నది పైదా అడుగుదా అని అడిగావా?"

అంతే. చెయ్యి నైటీకి తుడుచుకుని మైలవరానికి ఫోన్ చేసింది. ఇంగ్లీషు మాటలు కలిపి ఏదో గబగబా చెప్పింది. నాకు అర్థం కాలేదు, అడగలేదు. అప్పట్నుంచి మొదలైన పనే మీరిప్పుడు చూస్తున్నది. ఒక్కొక్కటీ విడిగా వస్తే అడుగంటూ ఉండదు కదా. అందుకండీ మార్చింది. మైలవరం అమ్మాయి కాదు, మా అమ్మాయి. బతికుంటే చెయ్యనిచ్చేవారా అన్నారు. బతికుండగానే చేసింది. పూర్తయ్యేదాకా ఉండలేకపోయింది.

ఇది చెప్తే మా ఆయన, "మరి నాకు చెప్పలేదేం?" అని అలిగారు.

"నీకు చెప్తే తోటలో కోతకొచ్చినవాళ్ళందరికీ తెలిసేది" అన్నాను. చాలా రోజుల తర్వాత ఇద్దరం నవ్వాం. నవ్వి, ఎటో చూశాం.

కాకినాడ మాస్టారు గారితో మాట్లాడతానన్నాను. మైలవరం అమ్మాయి ఫోన్ కలిపి ఇచ్చింది. గంప సంగతంతా చెప్పాను. ఆయన ఊ కొడుతూ విన్నారు.

"అమ్మా, కొత్తది బాగాలేదని కాదు. పెద్ద అక్షరాలు, నాకూ సుఖంగానే ఉంది. ఒకటో తారీఖు వస్తే ఆవిడ లేరని మళ్ళీ తెలుస్తోంది. అది రాయడం చేతకాక ఇలా రాశాను."

అలవాటు కొద్దీ, "భోంచేశారా అండీ?" అన్నాను.

అటు నుంచి కుర్చీ జరిగిన చప్పుడైంది.

"మా ఆవిడ పోయాక నన్ను ఆ మాట అడిగింది మీ అమ్మాయి ఒక్కతేనమ్మా" అన్నారు. "నెలకోసారి పేజీ పైన. అందరినీ అడిగిందని తెలుసు. అయినా నన్నే అడిగిందనుకుని లేచి వండుకునేవాణ్ణి. కొత్తదాంట్లో ఆ మాట లేదు."

ఫోన్ పెట్టేశాక నేనూ కుదురుగా లేను, ఆ పిల్లా లేదు. ఇద్దరం వాకిట్లో అటూ ఇటూ తిరిగాం. పాత పేజీకి తల ఉంది కాబట్టి ఆ మాటకి చోటుండేది. కొత్తదానికి తల లేదు, దాంతో అది ఎక్కడా లేకుండా పోయింది. ఆ పిల్ల కావాలని తియ్యలేదు, మా అమ్మాయికీ తోచినట్టు లేదు.

"ప్రతి కథ కిందా పెట్టు" అన్నాను.

"పైన కదమ్మా ఉండేది?"

"కింద పెడితే చివరిదాకా చదివినోళ్ళకి కనపడుద్ది. చదవనోళ్ళు దానికోసమన్నా కిందికొస్తారు."

కళ్ళు తుడుచుకుని నవ్వింది. ఆపెయ్యనని మాటిచ్చింది. మీరు తిట్టాల్సి వస్తే నన్ను తిట్టండి, ఆ పిల్లని వదిలెయ్యండి. చింతలపూడి ఆవిడ ఇంకో కథ రాసిందంట, రేపో ఎల్లుండో వస్తుంది. చదివి, బాగుందో బాగాలేదో ఒక ముక్క ఆవిడకి రాయండి. ఫోన్ దగ్గరే కూర్చుని ఉంటుంది.

నేను రాసింది రాసినట్టే పెట్టమన్నాను. తప్పులుంటే అవి నావే. ఇది రాస్తుండగా వసారాలో ఎవరో నడిచినట్టయింది. లేచి చూశాను. ఎవరూ లేరు. గంప మీద గడ్డి గాలికి కదులుతోంది, చిన్నరసాల వాసన వస్తోంది. చెయ్యి అడుగుదాకా పోనిచ్చి ఒకటి తీశాను. ఎవరికివ్వాలో తెలియలేదు. మా ఆయన కంచం పక్కన పెట్టాను.

చదివింది చాలు. లేవండి. పొద్దుపోకుండా అన్నం తినండి, కడుపు నిండా తినండి.